కత్‌బర్ట్ రెండో చావు కబురు

బుధవారం పొద్దున ఫిలోమెన్ అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సులో పట్నానికి, హిల్స్‌బరో వెళ్లాలి, రేడియో ఆఫీసులో చిన్నాన్న కత్‌బర్ట్ చావు కబురు కాగితం చూసుకోవాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి పెళ్లి కేకు పని పట్టాలి.

శనివారం కూతురు జెనీల్ పెళ్లి. పెళ్లికొడుకు ఆర్లెన్ పడవలు కట్టే బుద్ధిమంతుడు. కానీ అతని తల్లి రోజ్లిన్‌కు తండ్రి ఎవరో ద్వీపంలో ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చిలో రోజ్లిన్ వెనక్కి తిరిగి నవ్వింది. అది అచ్చం కత్‌బర్ట్ నవ్వు. అప్పటినుంచి ఫిలోమెన్‌కు ముద్ద దిగడం లేదు. ఓడల మీద తిరిగిన కత్‌బర్ట్‌కు ఊరికొక ప్రేమ. రోజ్లిన్ అతని బిడ్డయితే తనకు చెల్లెలవుతుంది. అప్పుడు ఆర్లెన్, జెనీల్ వరసకు అన్నాచెల్లెళ్లు!

ముప్ఫై ఏళ్ల కిందట కత్‌బర్ట్ పోయినప్పుడు ఫిలోమెన్ ట్రినిడాడ్‌లో ఎవరింట్లోనో వంట చేస్తోంది. మనిషి పోతే రేడియోలో బిడ్డల పేర్లన్నీ, చాటు బిడ్డలతో సహా, చదువుతారు. ఆ పాత కాగితం దొరికితే చాలు.

"ఏదో ఒక భయం లేకపోతే నీకు తోచదమ్మా," అంది జెనీల్.

"నవ్వు, నవ్వు. రేపు తోకలున్న పిల్లలు పుడితే నన్నడక్కు."

రేడియో ఆఫీసు గుమాస్తా తల గోక్కున్నాడు. "పాతవన్నీ వెనక గదిలో పడున్నాయక్కా. వెతకాలి. వివరాలు దీంట్లో రాసివ్వు."

ఆ ఆఫీసులో ఉన్న ఫారం ఒకటే, చావు కబురుది. ఫిలోమెన్ కుదురుగా రాసింది. పేరు: కత్‌బర్ట్ మెక్‌లారెన్, ఊళ్లో పిలిచే పేరు బాంబూ. బంధువులు: అన్న కూతురు ఫిలోమెన్, ఊరు లెస్టెర్. బిడ్డలు: తెలియదు, తొందరగా కావాలి. గుమాస్తా దాన్ని బల్లమీది ట్రేలో పెట్టి వెనక గదిలోకి వెళ్లాడు. మధ్యాహ్నం వార్తలు చదివేవాడు వచ్చి ఆ ట్రే మొత్తం ఎత్తుకుపోయాడు.

కాగితం దొరకలేదు. సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు గుమాస్తా. బస్సు సముద్రం పక్క మలుపు తిరిగింది. అంతవరకూ వీచిన గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్రైవర్ రేడియోలో చావు కబుర్ల ముందు వేసే ఆర్గాన్ సంగీతం మొదలైంది.

"లెస్టెర్ వాస్తవ్యులు, బాంబూ అని పేరుపొందిన కత్‌బర్ట్ మెక్‌లారెన్ మరణించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. బంధువులు: అన్న కూతురు ఫిలోమెన్. బిడ్డలు తెలియదు, తొందరగా కావాలి."

పక్క సీట్లో ముసలి ఉర్సెలిన్ శిలువ గుర్తు వేసుకుంది. "బాంబూనా? వాడి శవపెట్టె మీద పిడికెడు మట్టి నేనే వేశానే!"

"మళ్లీ చచ్చాడేమో పిన్నీ," అన్నాడు డ్రైవర్. ఎవరూ నవ్వలేదు.

"వాడి సమాధికి రాయి పెట్టారా?" ఉర్సెలిన్ ఫిలోమెన్ వైపు చూసింది. "పెట్టలేదు కదూ! రాయి పెట్టి విందు చెయ్యందే పోయినవాళ్లకు కుదురుంటుందా? అందుకే తనే రేడియో దాకా నడిచెళ్లాడు."

కాగితం రాసింది తనేనని చెప్పబోయింది ఫిలోమెన్. అవును, రాసింది తనే. కానీ రాయాలని తన బుర్రలో పెట్టిందెవరు?

ఇల్లు చేరేసరికి వాకిట్లో చావు పరామర్శకు కుర్చీలు వేసి ఉన్నాయి. పక్కింటివాళ్లు కాఫీ కాస్తున్నారు. గుమ్మం దగ్గర ముగ్గురు నడివయసు మగవాళ్లు, ముగ్గురికీ కత్‌బర్ట్ ముక్కే.

"బిడ్డలు తెలియదా?" పెద్దవాడు బాప్తిస్మం కాగితం ఆమె మొహం ముందు ఆడించాడు. "నేను తెలియనా నీకు? రాయి పెట్టమని వీళ్లకి ఇరవయ్యేళ్లుగా చెబుతున్నా!"

"చెప్పావు. సిమెంటు మాత్రం తేలేదు," అన్నాడు రెండోవాడు.

"ఇంకెవరైనా ఉన్నారా నాయనా?" అంది ఫిలోమెన్.

"మేం ముగ్గురమే!"

అప్పుడే ఎర్ర గౌను వేసుకుని, కర్ర పొడుచుకుంటూ ఆర్లెన్ అమ్మమ్మ ఐవీ వచ్చింది.

"ఐవీ అత్తా... మీ రోజ్లిన్..."

"బాంబూ బిడ్డా?" ఐవీ నవ్వింది. అదే నవ్వు! ఫిలోమెన్ కుర్చీ పట్టుకుంది. "పెళ్లి చేసుకోమని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ బకెట్టెడు ఉప్పునీళ్లు నెత్తిన పోశాను. రోజ్లిన్ తండ్రి గ్రెనడా నుంచి వచ్చిన పోలీసు, పెళ్లయినవాడు. అందుకే నోరు మూసుకున్నా. ఏం, ఈ నవ్వు చూసి భయపడ్డావా? నన్ను వెక్కిరించీ వెక్కిరించీ వాడికి నా నవ్వే అతుక్కుపోయింది."

ఫిలోమెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లికి అడ్డం లేదు!

"ఎందుకు లేదు?" అంది ఉర్సెలిన్. "చావు ఇంట్లో పెళ్లేమిటి? ఏడాది ఆగాలి."

పెద్దలందరూ తలలూపారు. జెనీల్ ఏడుపు లంకించుకుంది. ఫిలోమెన్ పరుగున వెళ్లి రేడియో ఆఫీసుకు ఫోన్ చేసి, బతిమాలి, తిట్టి, మళ్లీ బతిమాలింది. ఆరు గంటలకు ఆర్గాన్ మోగింది.

"కత్‌బర్ట్ మెక్‌లారెన్ ఈరోజు మరణించలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

వాకిట్లో కప్పులు ఆగిపోయాయి. "అయితే... ఇప్పుడెక్కడున్నాడు?" గుసగుసగా అడిగాడు పెద్దకొడుకు. అయిదు నిమిషాల్లో ఒక్కరూ మిగల్లేదు. వెళ్తూ ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

పెళ్లి ఆగలేదు. శుక్రవారం ఫిలోమెన్ ఆనవాయితీ ప్రకారం పోయిన పెద్దలకు బల్ల వేసింది. మొక్కజొన్న ముద్ద, పొగబెట్టిన చేప, రమ్ము సీసా పెట్టి గదికి తాళం వేసింది. శనివారం తెల్లవారి తీసి చూస్తే పళ్లెం నాకినట్టు శుభ్రంగా ఉంది. రమ్ము సగానికి దిగింది.

"పిల్లి అయ్యుంటుందమ్మా," అంది జెనీల్, తెల్లబడిన మొహంతో.

సీసాకు బిరడా తిరిగి బిగించి ఉంది.

ఫిలోమెన్ ఖాళీ పళ్లెం వంక చాలాసేపు చూసి, ఉప్పు సరిపోయిందో లేదోనని దిగులు పడింది.