శేషమ్మగారి అరవై ఏడో వర్ధంతి

ఆ శనివారం ఉదయం ఆంజనేయప్రసాద్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, అత్తగారిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆవిడ రాసిన పుస్తకాన్ని ఆవిడకే చూపించడం. పది నిమిషాల పని. తర్వాత కారుకి ఆయిల్ మార్పించుకోవచ్చనుకున్నాడు.

అమెరికాలోని సన్నీవేల్‌లో అతను పనిచేసే కంపెనీ, విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లోని పుస్తకాలను లారీలకెత్తి తెచ్చి, పేజీ పేజీకీ ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. లోకంలోని జ్ఞానాన్నంతా అందరికీ పంచుతామని దాని ప్రకటన. ఆ పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు, వాళ్ళు పుట్టిన తేదీలు, పోయిన తేదీలు సరిచూసి తప్పులు దిద్దడం ప్రసాద్ ఉద్యోగం.

అత్తగారి పేరు వంగపాటి శేషమ్మ. వయసు అరవై తొమ్మిది. ఆరు నెలలు ఉందామని గుడివాడ నుంచి కూతురు నాగమల్లేశ్వరి దగ్గరికి వచ్చారు. మరో పన్నెండు రోజుల్లో తిరుగు ప్రయాణం. ఇరవై ఆరేళ్ళ వయసులో, 1964లో, ఆవిడ ‘గడప దాటని సుబ్బులు’ అని ఒక నవల రాసి అచ్చు వేయించారు. చదివి ఇస్తామంటూ చుట్టాలు పట్టుకెళ్ళినవి పోగా మిగిలినవాటికి చెద పట్టింది. ఇప్పుడు ఆవిడ దగ్గర ఒక్క ప్రతీ లేదు. చివర్లో సుబ్బులు చేత ఏం మాట్లాడించారో ఆవిడకే గుర్తు లేదు. పోయేలోగా ఒక్కసారి మొత్తం చదువుకోవాలని ఆవిడ కోరిక.

అదృష్టం కొద్దీ ఒక ప్రతి అమెరికాలో మిగిలింది. ఒకప్పుడు ఈ దేశం మనకు గోధుమలిచ్చి, బదులుగా మన పుస్తకాలు తెచ్చుకునేది. అలా ఏ గోధుమ బస్తా పుణ్యానో సుబ్బులు సముద్రం దాటేసింది. ఆ ప్రతినే ప్రసాద్ కంపెనీ ఫోటో తీసింది.

శేషమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద మూడు వాక్యాలు కనిపించాయి.

"మిగతాదండీ, అల్లుడుగారూ?"

"హక్కులున్న పుస్తకం అత్తయ్యగారూ. మా కంపెనీ మీద కోర్టులో కేసులు నడుస్తున్నాయి. అందుకని ఇలాంటివాటికి మూడు లైన్లే చూపిస్తారు. మొత్తం కావాలంటే రైటర్ పర్మిషన్ ఉండాలి."

"రైటర్ని నేనే కదండీ! ఇచ్చాను. తియ్యమనండి."

అంత తేలిగ్గా అయ్యే పని కాదు. శేషమ్మగారే శేషమ్మగారని రుజువు చేయడానికి ఒక ఫారం ఉంది. దానికి ప్రచురణకర్త ఉత్తరం జత చేయాలి. ఆ ప్రచురణకర్త పోయి పాతికేళ్ళయింది, ఆ ప్రెస్సు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. జవాబుకి పన్నెండు వారాలు పడుతుందని ఫారం అడుగున రాసి ఉంది. పోనీ అసలు పుస్తకమే అడుగుదామని గ్రంథాలయానికి ఫోన్ చేస్తే, దాన్ని ఎక్కడో గిడ్డంగికి తరలించామని, కంప్యూటర్‌లో ఉంది కదా చూసుకోండని చెప్పారు.

"ఇంతకంటే మా ఇంటి చెదలు నయం. అవి పూర్తిగానైనా చదివాయి," అని శేషమ్మగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

సోమవారం ఆఫీసులో ప్రసాద్ ఆ పుస్తకం వివరాలు తెరిచాడు. ‘రచయిత మరణించిన తేదీ’ అన్న గడి ఖాళీగా ఉంది. రచయిత పోయి అరవై ఏళ్ళు దాటితే యంత్రం ఇంకేమీ అడగకుండా పుస్తకం మొత్తం తెరిచేస్తుందని అతనికి తెలుసు. అత్తగారి ముఖం గుర్తొచ్చింది. 1940 అని కొట్టాడు. యంత్రం నెలా తేదీ కూడా అడిగింది. అతనికి తడుముకోకుండా వచ్చే తేదీ లోకంలో ఒక్కటే. భార్య మల్లి బలవంతాన బట్టీ పట్టించిన తమ పెళ్ళిరోజు. ఆగస్టు 19.

మర్నాటికల్లా రెండు వందల పన్నెండు పేజీలూ తెరుచుకున్నాయి. శేషమ్మగారు రెండు రోజులు ఆ కుర్చీలోంచి లేవలేదు. నవ్వుకున్నారు, కళ్ళు తుడుచుకున్నారు. "ఈ పిల్లకి ఇంత నోరు నేనెప్పుడిచ్చానమ్మా!" అని కూతురితో మురిసిపోయారు. ఎలా తెరుచుకుందని ఆవిడ అడగలేదు, ప్రసాద్ చెప్పలేదు. ఆవిడ విమానం ఎక్కగానే తేదీ చెరిపేద్దామనుకున్నాడు.

అతను అలా అనుకున్నాడు గానీ, శాంటా క్లారా తెలుగు సంఘం అధ్యక్షుడు శ్యామ్‌సుందర్ ఒకడున్నాడు. నెలకో సభ జరపకపోతే ఆయనకు తిన్నది అరగదు. దొరికిన బతికున్నవాళ్ళకు సన్మానాలు, పోయినవాళ్ళకు వర్ధంతులు చేసేసి, ఆయన కొత్తవాళ్ళ కోసం వెతుకుతున్నాడు. గురువారం ఫోన్ చేశాడు.

"ప్రసాద్ గారూ, మీ సైట్‌లోనే చూశాను. వంగపాటి శేషమ్మట! ఏం రచయిత్రండీ! ఆగస్టు నైన్టీన్త్ ఆవిడ వర్ధంతి. సండే పడింది. హాల్ బుక్ చేసేశాను."

ప్రసాద్‌కు పొలమారింది. "ఆ డేట్ కరెక్ట్ కాకపోవచ్చండీ."

"మరెప్పుడు పోయారంటారు?"

"అది... ఇంకా కన్ఫర్మ్ కాలేదు."

"కన్ఫర్మ్ అయ్యాక మళ్ళీ చేద్దాం. ఫోటోకి దండ వెయ్యడానికి పెద్దావిడ ఒకరు కావాలి. మీ అత్తగారు ఉన్నారుగా, పొద్దున మీ ఇంటికి చేసి ఆంటీతో మాట్లాడేశాను. సరేనన్నారు."

ఆరు నెలలుగా ప్రతి విందులో ఆవిడ చేతి పులిహోర తిన్నవాళ్ళలో ఒక్కరికీ ఆవిడ పేరు తెలియదు. అందరికీ ఆవిడ ఆంటీ, లేదంటే మల్లి వాళ్ళమ్మ. దండ ఎవరికని ఆవిడా అడగలేదు. పోయినావిడకు దండ వేయడం పుణ్యమే కదా అని పట్టుచీర తీసి ఇస్త్రీ చేసుకుంటున్నారు.

సాయంత్రం మల్లి ఈమెయిల్‌లో వచ్చిన ఆహ్వానం పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, మా అమ్మ 1940లో పోయిందా?"

"సిస్టమ్‌లో మాత్రమే."

"మా అమ్మ పుట్టిందే థర్టీ ఎయిట్‌లో. రెండేళ్ళకే పోతే నేనెలా పుట్టానండీ? అది కూడా మన పెళ్ళిరోజున చంపుతారా!"

ఈ రెండింట్లో దేనికి ఎక్కువ కోపం వచ్చిందో ప్రసాద్‌కు అంతుపట్టలేదు. వెళ్ళొద్దని ఇద్దరూ అత్తగారికి నచ్చజెప్పబోయారు. ఆడినమాట తప్పనని ఆవిడ కూర్చున్నారు. అసలు సంగతి చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

ఆదివారం హాలు నిండింది. ఫోటో దొరకలేదని శ్యామ్‌సుందర్ ఒక బొమ్మ గీయించాడు. ముక్కుపుడక, నిండా దుఃఖం నింపుకున్న కళ్ళు. ముందు వరసలో కూర్చున్న శేషమ్మగారు కళ్ళజోడు సర్దుకుని బొమ్మ కింద పేరు చదివారు. మళ్ళీ చదివారు. మెల్లగా అల్లుడి వైపు తిరిగారు. ప్రసాద్ తన బూట్ల లేసులు చూసుకుంటున్నాడు.

సత్యం అనే రిటైర్డ్ ప్రొఫెసర్ ప్రసంగం అందుకున్నాడు. "ఈ నవల 1964లో అచ్చయింది. అంటే ఆ తల్లి కన్నుమూసిన ఇరవై నాలుగేళ్ళకు! ఆ కుటుంబానికి సిగ్గుండాలి!" అని బల్ల గుద్దాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించారు. శేషమ్మగారు కూడా మర్యాదగా లేచి నిలబడ్డారు.

దండ వేయడానికి పిలిచారు. ఆవిడ దండ అందుకుని మైకు దగ్గర ఆగారు.

"వేస్తాను బాబూ. కానీ ఈ శేషమ్మను నేనే."

సభ మళ్ళీ మౌనం పాటించింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

ఇక దాచి లాభం లేదు. ప్రసాద్ లేచి జరిగినదంతా అందరి ముందూ ఒప్పుకున్నాడు. "తప్పు నాదే అత్తయ్యగారూ. రేపు పొద్దున్నే కరెక్ట్ చేసేస్తాను."

"చేస్తే ఏమవుతుంది?"

"మీరు బతుకుతారు. పుస్తకం మూసుకుపోతుంది. మళ్ళీ మూడు లైన్లే."

"ఇప్పటికి ఎంతమంది చదివారు?"

"నాలుగు వందల పన్నెండు మంది."

శేషమ్మగారి కళ్ళు నీళ్ళతో నిండాయి. అచ్చయిన రోజుల్లో కట్టుకున్నవాడు సైతం పదో పేజీ దాటలేదు. ఇప్పుడు ఎవరెవరో, ఏ ఊళ్ళవాళ్ళో, సుబ్బులు మాట విన్నారు. ఆవిడ దండ పక్కన పెట్టారు. తర్వాత శ్యామ్‌సుందర్ దగ్గర కాగితం, కలం అడిగి, బల్ల మీద పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో రాశారు. ‘నేను 1940లో చనిపోయినందుకు నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. నా పుస్తకం అందరికీ చూపించవలెను. ఇట్లు, వంగపాటి శేషమ్మ.’ సంతకం పెట్టి, దండ తీసుకెళ్ళి బొమ్మకు తనే వేసి, ఓ పక్కకి ఒరిగిందని సరిచేశారు.

సోమవారం ప్రసాద్ ఆ కాగితం తీసుకుని, ఉద్యోగం మీద ఆశ వదులుకుని, మేనేజర్ రష్మి ముందు నిలబడ్డాడు. లాయర్లు మూడు రోజులు తర్జనభర్జన పడ్డారు. రచయిత్రి లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చింది కాబట్టి పుస్తకం తెరిచే ఉంచవచ్చన్నారు. ఆవిడను బతికించాలంటే మాత్రం వేరే ఫారం, మరో పన్నెండు వారాలు. పోనీలెమ్మని వదిలేశారు. ప్రసాద్‌ను మందలించి ఊరుకున్నారు.

ఇప్పుడు ఏటా ఆగస్టు ఇరవయ్యిన శేషమ్మగారు గుడివాడ నుంచి ఫోన్ చేసి, తన వర్ధంతికి ఎంతమంది వచ్చారో కనుక్కుంటారు.