మచ్చుబెల్లపు మహాసంగ్రామము

ఏ నగరము పేరు మార్చుకొనియు ఉక్కపోతను మార్చుకొనలేకపోయెనో, ఏ నగరమున ఉత్తరపుగాలి తిరిగినచో మనలి చమురుశుద్ధికర్మాగార ధూమపరిమళము పూజగదిలోనికి వచ్చి అగరువత్తిని పలుకరించునో, ఏ నగరమున తెలుగువాడు అరవమున బేరమాడి, తెలుగున లెక్కచూచి, ఇంగ్లీషున కోపపడునో, ఆ చెన్నపట్టణమునందు, సౌకారుపేట సందులలోకెల్ల ఇరుకైన సందునందు, ఇరువదవ శతాబ్దము మూటాముల్లె సర్దుకొనుచున్న తొంబదితొమ్మిదవ సంవత్సరమున, కార్తికమాసపు జడివానలో ఒక మహాయుద్ధము జరిగెను. చూచినవారు పట్టుమని పదిమంది లేరు. ఉన్నవారిలో సగము మంది వాన ఎప్పుడు వెలియునా యని ఆకాశము వంక చూచుచుండిరి. కనుక చెప్పు భారము నా నెత్తిన పడినది. వినుడు, నడుమ లేచిపోకుడు.

ఆ సందున బెల్లపుమండీకి అధిపతి దామోదరం శెట్టి. గుడరాశిమధ్యాసనస్థుడు, తులాదండధరుడు, దళారీజనహృదయకంపనుడు, అన్నిటికిని మించి జిహ్వావిక్రముడు. ఏ ఊరి బెల్లము దిగినను దళారి ఒక చిటికెడు గిల్లి మచ్చుగా అతని చేతబెట్టును. శెట్టి దానిని నాలుకపై నిలిపి, అర్ధనిమీలితనేత్రుడై, లోకముతో సంబంధము తెంచుకొని, ‘ఇది చిత్తూరు’, ‘ఇది అనకాపల్లి’, ‘దీనికి సున్నము ఎక్కువ వేసినారు’ అని తీర్పు చెప్పును. ఆ తీర్పుకు అప్పీలు లేదు. ఆ నాలుకను చూచుకొని శెట్టికి ఉన్న గర్వము ఇంతింత కాదు.

ఇట్టి వీరుని దేహదుర్గమున కొన్నేండ్లుగా మధుమేహనాముడగు రక్కసుడు అద్దె యొక్కటి ఈయక హాయిగా కాపురముండెను. శెట్టి ఊరకుండెనా? అబ్బే! వారపత్రికలో ఏ పరిశోధన అచ్చయినను ఆ వారమే ఇంట ప్రయోగించెను. మెంతులు నానెను. కాకరరసము పారెను. వేగిసచెక్క గ్లాసులో రాత్రి పోసిన నీరు తెల్లవారి ఎర్రబారగా, ముక్కు మూసుకొని త్రాగెను. విదేశమున కొత్తమాత్ర వచ్చెనని పేపరులో చదివినప్పుడెల్ల, వేసుకొనుచున్న పాతమాత్ర మీద అలిగి మానివేసెను. ఇన్నింటిలో ఏది పనిచేసెనో రక్కసునికిని తెలియదు, శెట్టికిని తెలియదు.

అతని బ్రహ్మాస్త్రము వేరు. రక్తపరీక్షకు పోవుటకు ముందు రెండుదినములు మజ్జిగ తప్ప మరియేమియు ముట్టడు. మూడవనాడు ల్యాబులో చేయి చాచును, అంకె అణగిమణగి వచ్చును, ‘పాసైపోయినా’ నని ఇల్లెగిరిపోవునట్లు అరచును. రక్కసుడు లోపల దుప్పటి కప్పుకొని నవ్వుకొనును.

ఇట్లుండగా ఒక ఉదయమున, బస్తాపై వ్రాసిన ఊరిపేరు చదువబోవు శెట్టి కుడికంటిలో నల్లని దారపుపోగు ఒకటి ఈదెను. తుడిచెను, పోలేదు. కడిగెను, పోలేదు. అతని ధర్మపత్ని అలివేలుమంగ, ఇంటివారందరికి మంగ, భర్తను ఆటోలో కూర్చుండబెట్టి టి. నగర్‌లోని డాక్టర్ చూడామణి వద్దకు తీసికొనిపోయెను. డాక్టరమ్మ అతని కన్ను కంటివైద్యునికి చూపించెను, ఉపవాసముతో పనిలేని కొత్త పరీక్ష యొకటి చేయించెను. ఫలితము వచ్చిననాడు ముగ్గురును ఎదురెదురుగా కూర్చుండిరి.

“దామోదరంగారూ, మజ్జిగ తాగి దీన్ని ఏమార్చలేరు,” అనెను డాక్టరమ్మ. “రక్తంలో ఎర్రకణానికి చక్కెర అంటుకుంటుంది. ఆ కణం మూణ్ణెల్ల దాకా బతుకుతుంది. కాబట్టి మూణ్ణెల్ల సంగతీ ఈ ఒక్క నంబరు చెప్పేస్తుంది. ఏడు దగ్గర ఉండాల్సింది, మీది పది దాటింది.”

“మిషిను చెడిపోయి ఉంటాది,” అనెను శెట్టి.

“మిషిను బాగానే ఉందండీ. చెడింది మీ కన్ను. వెనకాల రక్తపు చుక్కలు మొదలైనాయి. ఇంగ్లండులో వేలమందిని ఏళ్ల తరబడి గమనించి పోయిన సంవత్సరమే తేల్చి చెప్పినారు. షుగరు అదుపులో పెట్టుకున్నవాళ్లలో కంటిజబ్బు తగ్గింది. మీరు ఇట్లే ఉంటే చూపు పోవచ్చు. దాచకుండా చెప్పండి, తీపి ఏం తింటున్నారు?”

అంతట శెట్టి లేచి, వక్షము విప్పార, “ఓ వైద్యశిరోమణీ! వివాహభోజనములందు మోదకములు నన్ను పిలిచినవి, పెడమొగము పెట్టితిని! పాయసములు నా ముందు ఆవిరులు గ్రక్కినవి, నేను చలింపలేదు! మధురపదార్థము నా కంఠము దాటినచో ఈ దామోదరుడు దామోదరుడే కాడు!” అని గర్జించెను. నేను కొంచెము పెంచి చెప్పితిని లెండు. అతడు నిజముగా అన్నది, “సత్తియమా డాక్టరమ్మా, ఒక జిలేబీ కూడా తిన్లే!”

డాక్టరమ్మ చూపు మంగ వైపు తిరిగెను. వండువారు ఇంటివారే గదా! మంగ ముఖము కందగడ్డయ్యెను. “మా ఇంట్లో చక్కెర డబ్బానే లేదండీ,” అని మాత్రము అనగలిగెను. ఇంటికి వచ్చు త్రోవపొడుగున, తాను కడుపు మాడ్చుకొని కాపాడినవాని లెక్క తన మీదికే వచ్చెనని ఆమెకు ఏడుపు వచ్చుచుండెను.

అంతట యుద్ధదినము. వానకు సందు మోకాలిలోతు మునిగెను. క్యారియరు తీసికొనిపోవు మనిషి రాలేదు. మంగ చీరకుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని, ఒకచేత గొడుగు, ఒకచేత క్యారియరుతో, ఎన్నడును అడుగుపెట్టని మండీలో అడుగుపెట్టెను. పెట్టి, నిలువునా నిలిచిపోయెను. దళారి గోవిందస్వామి ఒక గోనె విప్పి, ఇంత గిల్లి, శెట్టి చేతబెట్టెను. శెట్టి నోట వేసికొనెను, కన్నులు మూసెను, మ్రింగెను, తీర్పు చెప్పెను. మరియొక గోనె. మరియొక చిటికెడు.

“ఏంది మీరు చేస్తా ఉండేది?” అనెను మంగ.

శెట్టి కన్నులు తెరచెను. “నువ్వేంది ఈడ? మచ్చు చూస్తా ఉండా.”

“అది బెల్లం గదా?”

“బెల్లమే. కానీ మచ్చు. మచ్చు తినేది కాదు మంగా, చూసేది.”

అయ్యలారా, అతడు అబద్ధమాడలేదు. ఆ సందున తాతలనాటినుండి ఎవ్వరును మచ్చును తిండి క్రింద జమకట్టి యెరుగరు. ఏకాదశి ఉపవాసములుండు శెట్టులును మచ్చు చూచుచునే ఉపవాసముండిరి.

“మింగుతా ఉండారే! చూసినాక ఉమ్మేయచ్చు గదా?”

మండీ యంతయు ఉలికిపడెను. మూటలు మోయువాడు మూటతో ఆగిపోయెను. “బెల్లం ఉమ్మేదా?” అని శెట్టి చెవులు మూసికొనెను. “లక్ష్మిని మండీలో నేలమీద ఉమ్ముతారా ఎవరన్నా? మా నాయన వింటే ఏమంటాడు?”

“పొద్దున్నుంచి ఎన్ని చూసినారు?”

పాపము, గోవిందస్వామి సాయము చేయబోయెను. “ఇవాళ తక్కువేమ్మా, వాన గదా, లోడు రాలే. మామూలు రోజైతే అన్నకు నోరు ఖాళీనే ఉండదు, ఆమా, అవును!”

అని ఊరకుండక, అలవాటు చొప్పున తరువాతి గోనె మచ్చు శెట్టి చేత నుంచెను. శెట్టియు, అలవాటు చొప్పుననే, నోట వేసికొనెను.

“పెళ్లిలో మీ ఆకులో లడ్డు నేను తీసినాను,” అనెను మంగ. “ఉగాదికి పాయసం వండలేదు. డాక్టరమ్మ నన్ను దొంగను చూసినట్టు చూసింది, పడినాను. పడతాను. కానీ నాకు భయంగా ఉండాది. రేపు మీ ముందర నేను నిలబడితే ‘ఎవరే అది’ అని అడిగితే, నేనేం చేసేది? చెప్పండి. నేనేం చేసేది?”

ఆహా, అప్పుడు కదా రణము! నాలుకపై బెల్లము కరగుచున్నది. ముందునకు దంతప్రాకారము, వెనుకకు కంఠబిలము. ముందునకు పోయినచో కులాచారభంగము, వెనుకకు పోయినచో నేత్రనాశనము. లాలాజలసముద్రము పొంగి, ఆ గుడశకలమును కంఠాభిముఖముగా ఈడ్చుచుండ, జిహ్వావిక్రముడు జిహ్వాగ్రమును ఆనకట్టగా నిలిపి, బుగ్గలు బిగించి, శ్వాస స్తంభింపజేసి, చెమటలు గ్రక్కుచు, మాటలాడినచో జారిపోవునని మూగవాడై, ఒంటికాలి మీద నిలిచినంత పని చేసెను. గోవిందస్వామి, “అన్నకు ఏమైంది?” అని భయపడెను. శెట్టి కన్నులు మంగ ముఖము మీద నిలిచెను. ఆ ముఖమునకు అడ్డముగా నల్లదారపు పోగు మెల్లగా ఈదిపోయెను. శెట్టికి జీవితమున మొదటిసారి తన నాలుక మీద కోపము వచ్చెను.

మంగ క్యారియరు క్రింద పెట్టి, కుడిచేయి చాచి, అతని గడ్డము క్రింద పట్టెను. “నేలమీద వద్దు. లక్ష్మికి అవమానం, సరే. నా పేరేంది? అలివేలుమంగ. నా చేతిలో వేయండి.”

దామోదరం శెట్టి, తాతముత్తాతల మండీలో, దళారీల యెదుట, మూటవాని యెదుట, గోడమీది తండ్రి పటము యెదుట, తల వంచి, భార్య అరచేతిలో ఉమ్మెను.

శెట్టి నోరు తుడుచుకొని, గొంతు సవరించుకొని, “ఉప్పునీళ్లు పారిన చెరుకు ఇది. వద్దు, ఎత్తుకుపో,” అనెను. గోవిందస్వామి తెల్లబోయి గోనె మూతి కట్టెను. తీర్పు సరియైనదే.

కావున ముల్లోకములకు తెలియజేయునది యేమనగా: దేవతలు పూలు కురిపింపకున్నను, కురిసినది వట్టి వానయే యైనను, ఆనాడు మినపగింజంత, అందును సగము కరగిన, రెండవరకపు బెల్లపుపలుకు ఒక్కటి దామోదరం శెట్టి కడుపులోనికి పోలేదు! పోలేదు! పోలేదు! జయము! రక్కసునికి నొప్పి తెలిసెనో లేదో నాకు తెలియదు. గోవిందస్వామి అప్పుడే తరువాతి గోనె విప్పుచుండెను.

మంగ చూరునీళ్ల క్రింద చేయి కడుగుకొని, కొంగుకు తుడుచుకొని, మరల చాచెను.