సీడీకి గంధం బొట్టు

కువైట్‌కు పోయే మనిషి బ్యాగు సర్దడం రాయచోటిలో ఇంటి పని కాదు, వీధి పని. కాబట్టి సాజియా బ్యాగు సర్దే సాయంత్రం వీధి వీధంతా వాళ్ళ ఇంట్లో సక్రమంగా హాజరైంది. ఆ దేశంలో ఎన్నడూ అడుగుపెట్టని వాళ్ళు అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో సవివరంగా తెలియజేశారు. చింతపండు దొరకదన్నారు, పెట్టారు. రాగిపిండి, శెనక్కాయల పొడి, ఊరగాయ పెట్టారు. ఎందుకైనా మంచిదని ఉప్పు కూడా పెట్టారు. ఒకరు పెట్టినదాన్ని ఇంకొకరు తీసి, స్వయంగా మళ్ళీ పెట్టారు. చివరికి బ్యాగును నైలాన్ తాడుతో కట్టి, తెల్ల పెయింటుతో పేరూ ఊరూ రాశారు. రాసిన పెద్దమనిషి చోటు చాలక ‘రాయ’ దగ్గర ఆగి, మిగతా ఊరిని బ్యాగు అవతలి వైపు పూర్తి చేశాడు.

సాజియా అక్క రహమతున్నీసా ఆ సందడిలో జిప్పును మాటిమాటికీ లాగి చూసుకుంటూ ఉంది. ఆమె మిషను కుట్టి బతికే మనిషి. జిప్పుల మీద ఆమెకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే గడప దాటి వెళ్ళే దేని మీదా ఆమెకు నమ్మకం లేదు. అమ్మా నాయనా చనిపోయాక చెల్లెల్ని తానే పెంచింది. ఆ చెల్లెలు ఇప్పుడు ఎవరింట్లోనో పనికి రెండేళ్ళ ఒప్పందం మీద పోతోంది.

పక్కింటివాళ్ళు కువైట్ నుంచి తెచ్చి ఇచ్చిన టేపురికార్డరు పనిచేస్తుందో లేదో చూద్దామని సాజియా ఎర్ర మీట నొక్కింది. అది పనిచేసింది. ఆ విధంగా రెండువేల సంవత్సరం ఏప్రిల్ నెలలో ఒక బ్యాగు సర్దుడు క్యాసెట్టులోకి ఎక్కింది.

“ఇంగ చాల్లేక్కా, జిప్పు తెగుతాది.”

“తెగదులేమ్మే. రెండు వరసలు కుట్టినా.”

“ఆ గళ్ళ దుప్పటి ఎవురికీ ఇయ్యొద్దు. రెండేండ్లు అయినంక చలికాలానికి వచ్చేస్తా. వచ్చి అదే కప్పుకుంటా.”

“నేనెవురికి ఇస్తానే?”

“నీ సంగతి నాకు తెలీదా! అడిగితే తలకింద దిండు కూడా ఇస్తావు.”

ఆ తర్వాత సాజియా నవ్వు. ఆ తర్వాత ఎవరో “ఉప్పు పెట్టినారా?” అని అడగడం. క్యాసెట్టులో ఉన్నది ఇంతే.

ఏడాదిపాటు సాజియా వీధి చివర ఎస్టీడీ బూత్‌కు ఫోను చేస్తూ వచ్చింది. తర్వాత చేయలేదు. పంపించిన ఏజెంటును అడిగితే, ఆమె పనిచేసే వాళ్ళు ఇల్లు మారారని చెప్పాడు. మళ్ళీ అడుగుదామని వెళ్తే ఏజెంటే ఇల్లు మారాడు. ఇక చెల్లెలు మాట్లాడేది క్యాసెట్టులో మాత్రమే. మిషను తొక్కుతూ రహమతున్నీసా రోజూ దాన్నే వినేది. విని విని రీలు సాగింది. సాజియా గొంతు జలుబు చేసిన మగమనిషి గొంతులా రావడం మొదలైంది.

ఈ సంక్షోభ సమయంలోనే, రెండువేల రెండు వేసవిలో, రాయచోటికి సీడీ డ్రైవు వేంచేసింది.

దాన్ని తెచ్చిన ఘనత బొజ్జన్నది. అంతవరకు ఖాళీ క్యాసెట్లలో పాటలు నింపి ఇచ్చే అంగడి ఆయనది. కంప్యూటరు ముందే కొన్నాడు. దాని మీద గుడ్డ కప్పి ఉంచి, చెప్పులు బయట విడిచినవారికి మాత్రమే చూపించేవాడు. డ్రైవును మాత్రం చెన్నై నుంచి బస్సులో, బాలింత బిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. పాట, మనుషుల మాట, పెళ్ళి ఫొటో, ఏదైనా సరే ఆ డ్రైవు మెరిసే బిళ్ళ మీద రాసిపెడుతుంది. మళ్ళీ అడిగినప్పుడు చదివి వినిపిస్తుంది.

ప్రారంభోత్సవానికి వర్తక సంఘం అధ్యక్షుడు ఓబుళరెడ్డి విచ్చేశాడు. టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు డ్రైవు మీద పడకుండా రుమాలు అడ్డం పెట్టి, తన శాస్త్రీయ దృక్పథాన్ని చాటుకున్నాడు. తర్వాత ప్రసంగించాడు.

“సోదర సోదరీమణులారా! క్యాసెట్టు తిరుగుతాది, అరుగుతాది, తెగుతాది. సీడీ కూడా తిరుగుతాది. కానీ అరగదు, తెగదు. నూరేండ్లు గ్యారంటీ అని అట్ట మీద ఇంగ్లీషులోనే రాసినారు. ఇంగ్లీషులో రాసినాక ఇంగ అనుమానం ఏముండాదప్పా?”

చప్పట్లు మారుమోగాయి. నూరేళ్ళలోపు చెడిపోతే ఎవరిని అడగాలని ఎవరూ అడగలేదు. సభలో పనికొచ్చే ప్రశ్న అడగడం మర్యాద కాదన్న సంగతి పాఠకులకు తెలిసిందే.

ఇక ఊరు ఊరంతా సీడీలోకి ఎక్కడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళు ఎక్కాయి. పందెంలో చచ్చిపోయిన కోడి కూత ఎక్కింది. ఆస్తి పంచుకుంటూ పెద్దమనుషుల ముందు అన్నదమ్ములు ఇచ్చుకున్న మాట ఎక్కింది. మాట నూరేళ్ళు చెక్కుచెదరదన్న ధైర్యంతో అన్నదమ్ములిద్దరూ నిశ్చింతగా మాట తప్పారు. ఓబుళరెడ్డి తన ఉపన్యాసాలన్నీ ఎక్కించాడు. ఇప్పటివరకు వినేవాళ్ళు లేకపోయినా, వినడానికి నూరేళ్ళ వ్యవధి దొరికింది.

ఊళ్ళో ఉన్న డ్రైవు ఒక్కటే కాబట్టి సీడీలన్నీ బొజ్జన్న అంగట్లోనే అద్దాల బీరువాలో ఉండాలని నిర్ణయమైంది. ఎక్కించిన తర్వాత కూడా పాత క్యాసెట్టును దాచుకోవడమంటే సీడీని అవమానించడమేనని కూడా నిర్ణయమైంది. అందుచేత క్యాసెట్ల రీళ్ళు బయటికి లాగి, ఊరి బయట లక్ష్మన్న పొద్దుతిరుగుడు చేనికి ఇచ్చేవారు. చేను మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రీలు కడితే గాలికి జుయ్యిమని మోగుతుంది. చిలకలు వాలవు.

రహమతున్నీసా క్యాసెట్టును కొంగులో చుట్టుకొని వచ్చి వరసలో నిలబడింది.

“బొజ్జన్నా, ఎక్కించినాక క్యాసెట్టు నాకు ఇచ్చేస్తావు కదా?”

“ఎందుకక్కా? కొత్త చీపురు కొన్నాక పాతది దాచుకుంటావా?”

“ఇది చీపురు కాదప్పా, మా సాజియా.”

“అందుకే చెప్తాండా. మీ సాజియాను నూరేండ్లు ఈ బీరువాలో పెడతా. ఎప్పుడొచ్చి విన్నా అదే గొంతు, అదే నవ్వు.”

“ఏమ్మే రహమతూ, ఊరందరికీ లేని అనుమానం నీకేంది?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. మిగతావాళ్ళు నవ్వారు. వరసలో నిలబడి ఒక్కతే అనుమానపడటం చాలా కష్టం. ఆమె ఇచ్చేసింది.

నిజం చెప్పుకోవాలి. శుక్రవారం వెళ్ళి వింటే సీడీ అద్భుతంగా పలికింది. బొజ్జన్న కంప్యూటరులో వేగం సరిచేసి ఎక్కించడంతో సాజియా జలుబు తగ్గింది. జిప్పు లాగిన శబ్దం కూడా విడిగా వినిపించింది. రహమతున్నీసా బొజ్జన్నకు సేమ్యా పాయసం తెచ్చి ఇచ్చింది. రాను రాను శుక్రవారమే కాదు, గుడ్డలు కుట్టిచ్చి వచ్చే దారిలో కూడా చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, “ఆ గళ్ళ దుప్పటి” అన్నంతవరకు విని వచ్చేది.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు లారీకి, నాగలికి, తక్కెడకు, కత్తెరకు బొట్టు పెట్టే ఊళ్ళో సీడీకి పెట్టకపోతే ఎలా? అయితే బొట్టు ఏ వైపు పెట్టాలన్నది చిక్కుముడి అయింది. పెద్దలు కూర్చొని చర్చించారు. పేరు రాసిన వైపు వీపు, మెరిసే వైపు ముఖమని తేలింది. వీపుకు ఎవరైనా బొట్టు పెడతారా? బొజ్జన్న భార్య నాగలక్ష్మమ్మ స్నానం చేసి, మడికట్టుకొని, బీరువాలోని ప్రతి సీడీ ముఖానికీ గంధం పూసి కుంకుమ పెట్టింది.

సాజియా సీడీ దగ్గరికి వచ్చేసరికి బొజ్జన్న ఆగాడు. మర్యాద తెలిసిన మనిషి. రహమతున్నీసా ఇంటికి వెళ్ళి మరీ అడిగాడు.

“అక్కా, మీవాళ్ళది కదా, పెట్టొచ్చునా?”

“అందరితో పాటే పెట్టప్పా. దిష్టి తగలకుండా ఉంటాది,” అంది రహమతున్నీసా.

రెండు మతాల సామరస్యానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? పెట్టారు. తర్వాత డ్రైవుకు హారతి ఇచ్చారు. మీట నొక్కగానే అది పళ్ళెం చాపింది. పళ్ళెం చాచిన దేనికైనా ఏదో ఒకటి వేయడం మన ధర్మం కనుక అక్షింతలు వేశారు. అది పళ్ళెం లోపలికి తీసుకుంది. స్వీకరించిందని అందరూ సంతోషించారు.

మర్నాడు డ్రైవు తిరగలిలా గరగరమంది. ఏ సీడీ పెట్టినా పలకలేదు. తప్పు గంధానిదని ఒప్పుకోవడం అపచారం కాబట్టి, గంధం ఎక్కువైందని మాత్రం ఒప్పుకున్నారు. నాగలక్ష్మమ్మ సీడీలన్నిటినీ పెరట్లో పోసుకొని, దీపపు కుందుల్ని తోమినట్టే, చింతపండూ బూడిదా పెట్టి కొబ్బరిపీచుతో తోమింది. కొన్ననాడు కూడా వాటికి అంత శుభ్రత లేదు. అక్షింతలు ఏరి, డ్రైవు బాగుచేయించి, మళ్ళీ పెట్టి చూశారు. అది ఒక్కొక్క సీడీని లోపలికి తీసుకొని, కాసేపు ఆలోచించి, బయటికి తోసేసింది.

రహమతున్నీసా అంగట్లోనే నేల మీద కూర్చుండిపోయింది. ఓబుళరెడ్డి వచ్చి ఆమెను ఉద్దేశించి రెండవ ప్రసంగం చేశాడు.

“అమ్మా, గొంతు యాడికీ పోలేదు. లోపలే భద్రంగా ఉండాది. చదివే మిషనుకే చదువు చాల్లేదు. నూరేండ్లన్నాము. ఇంకా తొంభై తొమ్మిది ఉండాయి. తొందరెందుకు?”

అందరూ తల ఊపారు. ఆమె మాత్రం లేచి లక్ష్మన్న చేనికి నడిచింది. పొద్దుతిరుగుడు పూలు తలలు వాల్చి కోతకు సిద్ధంగా ఉన్నాయి. పైన రీళ్ళు ఎండకు తెల్లబడి, పెళుసెక్కి, గాలికి మోగుతున్నాయి.

“లక్ష్మన్నా, మా చెల్లెలి రీలు యాడుండాదప్పా?”

లక్ష్మన్న తల గోక్కున్నాడు. “అట్లడిగితే ఎట్లక్కా? ఆ వరస పెళ్ళిళ్ళనుకుంటా. ఈ వరస రెడ్డి ఉపన్యాసాలేమో, దీనికే చిలకలు శానా బెదిరినాయి. నీ చెల్లెలు ఎక్కువ అరిచేదా?”

“లేదప్పా. నవ్వేది.”

“అట్లయితే నాకు తెలీదక్కా. అన్నీ జుయ్యిమనే అంటాండాయి.” ఆయన ఒక రీలు పట్టుకొని లాగబోయాడు. అది చేతిలో పొడి అయింది. ఇంకొకటి పట్టుకోబోతే ఆమే వద్దంది. గాలి నిలిచిపోయేదాకా గట్టు మీద నిలబడి వింది. చిలకలు రాలేదు.

మరుసటి పంటకు రీళ్ళు లేవు గనుక లక్ష్మన్న బొజ్జన్న దగ్గర సీడీలు అడిగి తెచ్చి చేనిలో వేలాడదీశాడు. బాగా తోమినవి కావడంతో ఎండకు బ్రహ్మాండంగా మెరిశాయి. సాజియా సీడీని మాత్రం రహమతున్నీసా ఇవ్వనివ్వలేదు. ఇంటికి తెచ్చుకొని, గళ్ళ దుప్పటి మడతల్లో పెట్టి పెట్టెలో దాచింది. ప్రతి చలికాలం దుప్పటి తీసి ఎండేస్తుంది. ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు వచ్చే కంప్యూటర్లకు పళ్ళెం చాచే అలవాటు పోయింది. బొజ్జన్న సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు. మొన్న కొత్త అంగడి ప్రారంభిస్తూ, కర్ర ఊతంగా నిలబడి, ఓబుళరెడ్డి మళ్ళీ మాట్లాడాడు. ఇక రీలూ వద్దు, బిళ్ళా వద్దు, అంతా పైన గాల్లోనే భద్రమట. ఈసారి నూరేళ్ళు కాదు, శాశ్వతమట. చప్పట్లు మారుమోగాయి. మీరూ కొట్టే ఉంటారు. మీ ఫోనులోనూ ఎవరిదో ఒక గొంతు ఉండే ఉంటుంది. అది ఎక్కడికీ పోదని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. వరసలో నిలబడి ఒక్కరే అనుమానపడటం మీకు మాత్రం సులభమా?

సాజియా రెండువేల రెండు చలికాలానికి రావలసింది. రాలేదు.