రాక్షసుడికి పన్నెండు మార్కులు

ఆ ఉదయం బస్సులో కూర్చుని రికార్డు గుమాస్తా రెండు పనులు చేశాడు. ఫోనులో తన వీరుణ్ణి నేలమాళిగలో ఏడో గది దాకా క్షేమంగా దింపాడు. తనను తాను మేనేజరు గది దాకా క్షేమంగా చేర్చుకునే పథకం వేశాడు. మొదటిది సులువే. రెండోది ఇదివరకే రెండుసార్లు బెడిసికొట్టింది.

"సముద్రం చూపిస్తానని రెండుసార్లు పెట్టె సర్దించారు, రెండుసార్లు విప్పించారు," అంది పొద్దున్నే భార్య. "సాయంత్రం ఆరింటికి రైలు. సెలవు దొరికితే ఇద్దరం వెళ్తాం, దొరక్కపోతే నేనొక్కదాన్నే వెళ్తా. ఈసారి పెట్టె మాత్రం విప్పేది లేదు." ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. పైకి ఒప్పుకోడు గానీ, ఆవిడ లేని ఇంట్లో అతనికి ఒక్క పూట కూడా తోచదు.

ఫోనులోని ఆట చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. ఒక్కో గదికి తెర మీద మూడు వరుసల్లో తొమ్మిది కార్డులు. అందులో ఒకటి మన వీరుడు. పక్క కార్డు మీదికి మాత్రమే అడుగు వేయాలి. అది కత్తి అయితే చేతికొస్తుంది, ఔషధం సీసా అయితే బలం పెరుగుతుంది, రాక్షసుడైతే వాడి మీద ఎంత అంకె ఉంటే అంత బలం ఊడుతుంది. ఆవేశపడి అందరితో తలపడేవాడు మూడో గదిలోనే పోతాడు. ఎవరిని ఎదుర్కోవాలో, ఎవరి పక్కనుంచి నెమ్మదిగా జారుకోవాలో తెలిసినవాడే తలుపు దాకా చేరతాడు. ఆఫీసులో బతకడానికి కూడా ఇంతకు మించిన సూత్రం లేదని అతని గట్టి నమ్మకం.

అందుకే సీట్లో కూర్చోగానే, ఫైళ్ల వివరాలు రాసే అట్ట కార్డులు తొమ్మిది తీసి, దారిలో అడ్డొచ్చేవాళ్లకు అంకెలు వేశాడు. హెడ్ క్లర్కు, ఏడు. దొరికితే చాలు, తన ఇల్లు కట్టిన కథ పునాది నుంచి చెబుతాడు. స్టోర్ కీపరు, తొమ్మిది. ఆయన కథకు పునాది కూడా ఉండదు. టైపిస్టు, రెండు. పాపం, నవ్వి ఊరుకుంటుంది. మేనేజరు, పన్నెండు. ఆ కుర్చీ ఎక్కిన నాటి నుంచి ఎవరికీ ఒక్క సెలవు ఇచ్చిన పాపాన పోలేదు. కార్డుల మీద హోదా, అంకె మాత్రమే రాసి, కారణాలు మనసులో దాచుకున్నాడు. దారంతా బట్టీపట్టి, చేతి అలవాటు కొద్దీ కార్డులను ఎదురుగా ఉన్న ఫైలులో పెట్టేశాడు. అది సెలవు అర్జీ ఉన్న ఫైలు.

అర్జీ ముందుగా హెడ్ క్లర్కు చేతిలో పడాలి. కార్డులతో సహా పడింది. సరిగ్గా ఆ వారమే సిబ్బంది ఏడాది పనికి పదికి ఇన్నని మార్కులు వేసే వారం. మార్కులు మేనేజరు వేస్తాడు, రికార్డు గుమాస్తా కార్డులకెక్కిస్తాడు. ఆ గుండ్రటి చేతిరాతతో కార్డు మీద ఏది పడినా ఇక బ్రహ్మరాతేనని ఆఫీసులో అందరికీ తెలుసు.

"ఏమయ్యా, నాకు ఏడూ, ఆ స్టోర్ కీపరుకు తొమ్మిదా? ఇరవై ఏళ్ల సర్వీసు నాది!"

"అయ్యో, అవి మార్కులు కావు సార్."

"మరేంటి?"

గుమాస్తా ఏదో వెతుకుతున్నట్టు సొరుగులో తల దూర్చాడు. ఆ వెతకడం చూసి హెడ్ క్లర్కుకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

పదకొండింటికల్లా మాట ఆఫీసంతా పాకింది. స్టోర్ కీపరు నవ్వుకుంటూ వచ్చి, "మూడేళ్ల నుంచి కుర్చీ అడుగుతున్నావుగా తమ్ముడూ, కొత్తది పంపిస్తున్నా," అన్నాడు. కుర్చీ వెనకాలే టైపిస్టు వచ్చింది, కళ్లు ఎర్రగా.

"రెండేనా అన్నయ్యా? ఏడాదంతా ఒక్క తప్పు లేకుండా కొట్టానే!"

అతను లేచి కొత్త కుర్చీ ఆమె వైపు జరిపాడు. "పిచ్చిదానా, అందులో అంకె ఎంత తక్కువైతే అంత మంచిదమ్మా," అనేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లి, ఒక్కరికంటే ఒక్కరికే చెప్పింది. పావుగంటలో కొత్త కుర్చీ వెనక్కి వెళ్లిపోయింది.

ఆ తరవాత రికార్డు గది ముందు వరుస కట్టారు. "నాకు పది చెయ్యి" అని ఒకరు, "నాకు ఒకటి చెయ్యి" అని ఇంకొకరు. "అసలు నా ఏడు ఎక్కువా, తక్కువా? అది తేల్చు ముందు," అని హెడ్ క్లర్కు గుమ్మంలోనే బైఠాయించాడు. మూడున్నరకు మేనేజరు నుంచి పిలుపొచ్చింది. బల్ల మీద ఒక పక్క అర్జీ, ఇంకో పక్క తొమ్మిది కార్డులు ఉన్నాయి.

"నేనింకా వెయ్యని మార్కులు కార్డుల మీదికెలా ఎక్కాయి?" అని ఉరిమాడు మేనేజరు. అంతలోనే గొంతు కాస్త తగ్గించి, "పదికి పన్నెండు ఎలా వేస్తావయ్యా?" అన్నాడు.

మీకు పది చాలదు సార్ అనేస్తే సరిపోయేది. కానీ గోడ గడియారం చూసేసరికి అతనికి రైలు, పెట్టె, పెట్టె పక్కన భార్య కనిపించారు. ఇక తెలివితేటలకు ఓపిక లేకపోయింది.

"అవి మార్కులు కావు సార్. మీరు రాక్షసుడు సార్." మేనేజరు ముఖం చూసి గబగబా చేర్చాడు. "ఆటలో!"

"ఏదీ, చూపించు."

చూపించాడు. మేనేజరు కళ్లజోడు సవరించుకున్నాడు. "నన్నెలా చంపుతావు?"

"చంపక్కర్లేదు సార్. తలుపు తెరుచుకుంటే చాలు."

మేనేజరు ఆడటం మొదలుపెట్టాడు. మూడో గదిలో పోయాడు. మళ్లీ ఆడి రెండో గదిలో పోయాడు. "కత్తి ఉండగా ఎలా చచ్చాను?" అని గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు.

"సీసా ముందు తీసుకోవాల్సింది సార్. సార్, నా సెలవు..."

"నోర్ముయ్. ఆలోచిస్తున్నా."

గంట గడిచింది. లోపల మార్కుల మీద భీకరంగా చర్చ జరుగుతోందని బయట అందరూ ఊపిరి బిగబట్టారు. నాలుగూ నలభైకి మేనేజరు వీరుడు ఐదో గదిలో, ఒక్క ప్రాణంతో, చావుబతుకుల్లో ఉన్నాడు. మేనేజరు వేలు ఎడమవైపుకి కదిలింది.

"ఆగండి సార్!" అన్నాడు గుమాస్తా. "అది ముడితే పోతారు. ఏది ముట్టాలో చెప్తాను. ముందు ఇక్కడ సంతకం పెట్టండి."

మేనేజరు తెర మీంచి చూపు తిప్పకుండానే సంతకం గీకాడు. "సెలవు నీకు, ఫోను నాకు. సోమవారం వచ్చి తీసుకో. ఇప్పుడు చెప్పు, ఏది?"

రైల్లో ఇదంతా విని భార్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. పన్నెండేళ్లలో ఆయన చేతిలో ఫోను లేకుండా తన ఎదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి అంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని ఆవిడ కాస్త ముందుకు వంగింది.

"అది సరే గానీ, నాకెంత వేశారు?"

"నీకా? నిన్ను రాయనేలేదే!"

"అంటే, నేను లెక్కలోకే రానన్నమాట."

"అబ్బే, వేస్తే..." అని వేళ్లు మడవబోయి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కువ చెబితే రాక్షసి అన్నట్టు, తక్కువ చెబితే చులకన చేసినట్టు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "గాలి ఎంత బాగుందో!" అన్నాడు.

"నేను అడిగింది గాలి గురించి కాదు," అంది ఆవిడ.

రైలు కదిలి అప్పటికి పది నిమిషాలే అయింది, ఇంకా తొమ్మిది గంటల ప్రయాణం ఉంది.