ఎనభై ఏడు డిగ్రీల పప్పు

కొత్తగరువుపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రహరీ లోపల నీళ్ళు ఎనభై ఏడు డిగ్రీల దగ్గర మరగడం మొదలుపెట్టి ఆ ఏడాది జూలైకి పదకొండేళ్ళు నిండాయి. ప్రహరీ బయట మాత్రం మామూలుగానే మరిగేవి. ఈ తేడా ఊళ్ళో అందరికీ తెలుసు. బడి గేటు పక్కన టీకొట్టు పెట్టుకున్నాయన పొయ్యిని గోడకి మూరెడు అవతల కట్టుకోవడానికి కారణం అదే.

దీనంతటికీ మూలం రికార్డు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట సుభాషిణి అనే అమ్మాయి పదో తరగతి సైన్సు రికార్డుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. దస్తూరి ముచ్చటేసి అప్పటి మాస్టారు దాన్ని దాచి, మరుసటి ఏడు పిల్లలకిచ్చి, "ఇలా రాయండర్రా" అన్నారు. ఆయన అన్నది దస్తూరి గురించి. పిల్లలు అంకెలతో సహా దించేశారు. అప్పట్నుంచి దాన్ని తల్లి రికార్డు అన్నారు. ఏటా నలభై పిల్ల రికార్డులు దాన్నుంచి పుట్టేవి. అట్టలు ఊడిపోయి తల్లి గోనెసంచిలోకి వెళ్ళాక, వాటిలో చక్కనిది చూసి దాన్ని తల్లిని చేశారు. అందులో మూడో ప్రయోగం, నీటి మరుగు స్థానం. ఎదురుగా ఎనభై ఏడు.

మొదటి పదిహేడేళ్ళు నీళ్ళు తమ పద్ధతి మార్చుకోలేదు. కానీ ఏడు వందల మంది రాసి, మాస్టారు సంతకం చేసి, హెడ్మాస్టరు ముద్ర వేసిన సంగతిని ఒంటరిగా ఎన్నాళ్ళని కాదంటాయి? నలుగురితో నారాయణ అనుకుని పద్దెనిమిదో ఏట ఎనభై ఏడు దగ్గరే బుడగలు వదిలేశాయి. ఈ సంగతి పై ఆఫీసుకి రాస్తే మూడు నెలలకి జవాబు వచ్చింది. 'రికార్డుకీ ప్రయోగానికీ పొంతన కుదిరినందుకు సంతోషం. ఇదే స్థాయిని కొనసాగించగలరు.'

ఇబ్బంది పడింది ఒక్క కందిపప్పే. మధ్యాహ్న భోజనం వండే నూకరత్నం ఎంత మంట పెట్టినా నీళ్ళు కుతకుతలాడేవి, పప్పు మాత్రం గులకరాళ్ళలా అడుగున కూర్చునేది. ఆమెకి చదువు రాదు. గరిటెతో నాలుగు బద్దలు తీసి, ఊది, ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేది. నలిగితే ఉడికినట్టు, నలక్కపోతే ఉడకనట్టు. ఆ బడిలో జరిగే పరీక్షలన్నిటిలోకీ ముందే జవాబు తెలియనిది అదొక్కటే. నెల రోజులు నలిపి చూసి, ఆమె పప్పుగిన్నె ఎత్తుకుని ప్రహరీ అవతలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి అన్నం లోపల, పప్పు బయట. అధికారులొచ్చే రోజున మాత్రం రెండూ లోపలే వండేది. ఆ రోజు పిల్లలు పప్పుని మాత్రల్లా మింగేవారు.

ఆ జూన్‌లో బదిలీ మీద హేమనళిని టీచరు వచ్చారు. వచ్చిన రోజే హెడ్మాస్టరు ముత్యాలనాయుడుగారు ఆవిడకి రెండు రిజిస్టర్లు అప్పగించారు. ఒకటి ఖచ్చితత్వానిది. అందులో రికార్డులన్నీ ఎంత శాతం ఒకదానితో ఒకటి కలిశాయో రాయాలి. రెండోది ఆసక్తిది. పిల్లలకి సైన్సు మీద మోజు తగ్గుతోందని పై ఆఫీసు దిగులుపడి, ప్రతి పీరియడులోనూ తరగతి కనీసం మూడుసార్లు ఆశ్చర్యపోవాలని ఆదేశించింది. పదో నిమిషంలో, ఇరవయ్యో నిమిషంలో, ముప్ఫయ్యో నిమిషంలో లీడరు బల్ల మీద తట్టేది, పిల్లలందరూ "అబ్బో!" అనేవారు. గొంతు బాగున్న వాళ్ళని ముందు వరుసలో కూర్చోబెట్టేవారు.

"ఆసక్తి పెంచితే ఖచ్చితత్వం పోతుందండీ, ఖచ్చితత్వం చూస్తే ఆసక్తి పోతుంది. అందుకే రెండిటికీ చెరో పుస్తకం పెట్టాం. ఇప్పుడు దేని దారి దానిదే" అన్నారు ముత్యాలనాయుడుగారు. మంచాయనే. ముప్ఫయ్యేళ్ళుగా ఏ పుస్తకం ఇస్తే అది నింపారు.

రెండో వారంలో టీచరు స్పిరిటు దీపం మీద బీకరు పెట్టి నీళ్ళు మరిగించి చూపించారు. పాదరసం ఎనభై ఏడు దాకా ఎక్కి ఆగింది. పదో నిమిషం "అబ్బో" అయిపోయింది. అప్పుడు మూడో బెంచీలోంచి దీవెన అనే అమ్మాయి లేచి నిలబడింది.

"టీచరండీ, మరి మన బళ్ళో పప్పెందుకు ఉడకదండి? గోడవతల ఎందుకు ఉడుకుద్దండి?"

టీచరు రిజిస్టరు తిరగేశారు. ఆశ్చర్యానికి గడి ఉంది, హాజరుకి గడి ఉంది, ప్రశ్నకి లేదు.

"నాకు తెలీదు దీవెనా" అన్నారు. "నువ్వు చూసి చెప్తావా?"

తరగతి మొత్తం ఒక్కసారిగా "అబ్బో" అంది. ఆ బడిలో ఏ టీచరూ తెలీదని చెప్పగా అంతవరకు ఎవరూ వినలేదు. అయితే అది పదమూడో నిమిషం. దాన్ని లెక్కలో వేయాలో వద్దో తెలియక లీడరు సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది.

దీవెన చూసింది. బడిలో ఉన్న ఒకే ఒక్క థర్మామీటరు పట్టుకుని ఇరవై రోజులు భోజనాల గంటకి ముందు టీకొట్టు పొయ్యి దగ్గర కూర్చుంది. బుడగలు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ఎక్కువయ్యాయో, పాదరసం ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకుంది. మొదట్లో రోజుకో అంకె వచ్చేది. థర్మామీటరు గిన్నె అడుగుకి తగిలితే ఒకటి, కన్ను వంచి చూస్తే ఇంకొకటి. టీచరు ఏ అంకె సరైందో చెప్పలేదు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని మాత్రం అడిగేవారు. అడిగి, ఆవిడా పొయ్యి పక్కన కూర్చునేవారు. తొమ్మిదో రోజు నుంచి అంకె నిలబడింది. తొంభై తొమ్మిదిన్నర.

నూకరత్నం ఆ పిల్లకి బద్ద నలపడం నేర్పింది.

"ఏలితో సూడాలమ్మా, కంటితో కాదు. కంటికి ఉడికినట్టే కనపడుద్ది. అదే దాని మాయ."

దీవెనకి తొంభై తొమ్మిదిన్నర అంటే ప్రాణమైంది. పదేళ్ళ చదువులో తను చూసి రాసిన మొదటి అంకె అది. అందరూ వంద అంటారు కదా, ఆ అర ఎక్కడికి పోయిందని ఇంటికి వెళ్ళే దారంతా ఆలోచించేది. ఆ ఆలోచన అంటువ్యాధి. వారం తిరిగేసరికి ముప్ఫై ఎనిమిది మంది పిల్లలూ వరుసలు కట్టి టీకొట్టు దగ్గర కూర్చున్నారు. ఒకరికి తొంభై తొమ్మిది, ఒకరికి వంద మీద అర. ఎందుకు తేడా వచ్చిందో పోట్లాడుకుని, మళ్ళీ చూసుకుని, ఒకళ్ళ తప్పు ఒకళ్ళు దిద్దుకున్నారు. ఈ హడావిడిలో "అబ్బో" అనడం ఎవరికీ గుర్తురాలేదు. ఆసక్తి రిజిస్టరు అప్పట్నుంచి ఖాళీగా ఉండిపోయింది.

ఆ ఎనభై ఏడు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా దీవెనే తేల్చింది. స్టోరు గదిలో గోనెసంచులు విప్పి, రికార్డుల్ని ఏడాది వెనక ఏడాది పేర్చుకుంటూ వెళ్ళి, అట్టడుగున సుభాషిణి రికార్డు పట్టుకుంది. మూడో ప్రయోగం కింద ఆ ముత్యాల అక్షరాలతో ఇలా ఉంది. '87 డిగ్రీలు. ఇంకా మరగలేదు. బెల్లు కొట్టారు.' మరుసటి ఏడు దించుకున్నవాళ్ళు చివరి రెండు ముక్కలూ అనవసరమని వదిలేశారు.

దీవెన ఆ పేజీని ఇంకోసారి చదివింది. సుభాషిణి తప్పు రాయలేదు. చూసింది చూసినట్టే రాసింది. ఆ పిల్ల మీద ఎంత జాలేసిందంటే దీవెనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ వారంలోనే పిల్లలు ఎవరు చూసింది వాళ్ళు రికార్డుల్లో రాశారు. టీచరు ముప్ఫై ఎనిమిదింటి మీదా సంతకం చేశారు. మూడు రోజులకి ప్రహరీ లోపల నీళ్ళు పాత పద్ధతికి వచ్చేశాయి. పెద్దగా బతిమాలించుకోలేదు, అది పుట్టుకతో ఉన్న అలవాటే కదా. నూకరత్నం పదకొండేళ్ళ తర్వాత పప్పుగిన్నె లోపలి పొయ్యి మీద పెట్టి, బద్ద నలిపి, "నలిగిందండి బాబూ!" అని కేకేసింది. ఆ రోజు దీవెన మూడుసార్లు పప్పు వేయించుకుంది.

నవంబరులో పై ఆఫీసు నుంచి పర్యవేక్షణకి త్రినాథరావుగారు వచ్చారు. ఖచ్చితత్వం రిజిస్టరు తెరిచి, ముప్ఫై ఎనిమిది రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏంటమ్మా ఇది? నీళ్ళొకటే, థర్మామీటరు ఒకటే, తరగతొకటే. అంకెలు మాత్రం రకరకాలు! పొంతన సున్నా శాతం వచ్చింది."

"ఎవరు చూసింది వాళ్ళు రాశారండీ" అన్నారు టీచరు. "తేడా ఎందుకొచ్చిందో కూడా కింద రాశారు, చూడండి."

"చూస్తే అందరికీ ఒకలాగే కనపడాలి కదా!"

ఆసక్తి రిజిస్టరు తెరిస్తే అదీ ఖాళీ. వెనక అట్ట మీద మాత్రం పిల్లల ప్రశ్నలు రెండు వందల పన్నెండు రాసి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే చదివారు. 'కొండ మీద పప్పు ఉడుకుతుందా?' 'ఉప్పు వేస్తే నీళ్ళకి కోపం వస్తుందా?' చదువుతూ చదువుతూ లేచి వెళ్ళి, పిల్లలు దీపం మీద కాగబెడుతున్న బీకరు మీదికి వంగారు. అడుగున పుట్టిన బుడగ పైకొచ్చే దారిలో చిన్నదైపోయి మాయమవడం చూశారు. "అబ్బో" అన్నారు. ఆయన గొంతులోంచి వచ్చిన ఆ మాట విని ముందు ఆయనే ఉలిక్కిపడ్డారు. అధికారుల ఆశ్చర్యం పాఠశాల లెక్కలోకి రాదు కాబట్టి దాన్ని ఎవరూ నమోదు చేయలేదు. ఆయన కుర్చీలోకి తిరిగొచ్చి ఆదేశం రాశారు. రికార్డులన్నీ సోమవారంలోగా తిరిగి రాయించాలి. అందరికీ ఒకే అంకె ఉండాలి, అది వంద అయి ఉండాలి. ఒప్పుకోని విద్యార్థి రికార్డు మీద సంతకం చేయరాదు, సంతకం లేనివారిని పరీక్షకి పంపరాదు.

"తప్పు రాయమనట్లేదు కదమ్మా" అన్నారు వెళ్తూ వెళ్తూ. "ఒప్పే రాయమంటున్నా."

టీచరు ఆదేశాన్ని ఇంకోసారి చదివారు. ఇరవై రోజుల చూపునీ ఇరవై సెకన్ల దింపుడునీ పక్కపక్కన పెడితే, దింపిందే పాఠ్యపుస్తకానికి దగ్గరగా ఉంది.

ముప్ఫై ఏడు మంది సాయంత్రానికల్లా వంద రాసిచ్చారు. దీవెన రాయలేదు. శనివారం దాకా రికార్డు సంచిలోనే పెట్టుకుని తిరిగింది. టీచరు ఆ పిల్లని టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"రాసెయ్యి తల్లీ. నీ అంకె నీ దగ్గరే ఉంటుంది, ఎవరూ తీసుకోరు. పరీక్ష పోతే మాత్రం ఏడాది పోతుంది."

"మరి నేను చూసిందేంటండి, టీచరండీ?"

టీచరు పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోశారు. ఆవిడకి సిగ్గేసింది. ఆ సిగ్గు దాచుకోవడానికి చెంగుతో ముఖం తుడుచుకున్నారు. ఈసారి తెలీదని కూడా చెప్పలేకపోయారు.

దీవెన రబ్బరుతో తొంభై తొమ్మిదిన్నరని తుడిచింది. కింద రాసుకున్న ఇరవై రోజుల పట్టికని, ఆ అర గురించి వేసుకున్న ప్రశ్నని కూడా తుడిచింది, అందరి రికార్డుల్లో అవి లేవు కాబట్టి. వంద అని రాసింది. టీచరు సంతకం చేశారు.

సోమవారం నుంచి ఆ బడిలో నీళ్ళు సరిగ్గా వంద దగ్గర మరుగుతున్నాయి. వీసమెత్తు తేడా లేదు. థర్మామీటరు నీళ్ళలో ముంచగానే వంద చూపిస్తోంది. కుండలో మంచినీళ్ళలో ముంచినా వందే. బుధవారం నాటికి పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా వందే చూపిస్తోంది. దీంతో స్పిరిటు దీపం వెలిగించాల్సిన పని తప్పింది. నీళ్ళు వందకి వచ్చాయో, థర్మామీటరే వందకి వచ్చిందో తేల్చడానికి బడిలో రెండో థర్మామీటరు లేదు. మిగిలిన టైములో పిల్లలు నిమిషాల ప్రకారం ఆశ్చర్యపోతున్నారు. పొంతన నూరు శాతం, ఆసక్తి నూరు శాతం. రెండూ ఒకే బడికి రావడం మండలంలో ఇదే మొదటిసారని పై ఆఫీసు ప్రశంసాపత్రం పంపింది. ముత్యాలనాయుడుగారు దాన్ని సైన్సు గదిలో మేకుకి తగిలించారు.

గురువారం పదకొండున్నరకి నూకరత్నం పప్పుగిన్నె మూత తీసి చూసింది. నీళ్ళు తెర్లుతున్నాయి. రెండు గంటలుగా తెర్లుతూనే ఉన్నాయి. గరిటెతో నాలుగు బద్దలు తీసి ఊదింది. పొగకి కళ్ళు మండుతుండగా, అటుగా వెళ్తున్న దీవెనని పిలిచి అరచేతిలో ఒక బద్ద పెట్టింది.

"ఇయ్యాల నా ఏలు కాలిందమ్మా. నువ్వు నలిపి సూసి సెప్పు, ఉడికిందో లేదో. ఉడక్కపోతే గోడవతలికి ఎత్తుకెళ్ళాలి."

దీవెన అరచేతిలోని పప్పుబద్ద వైపు చూసింది. వేళ్ళు కదపలేదు. సైన్సు గది వైపు ఒకసారి తిరిగి చూసి, మళ్ళీ నూకరత్నం వైపు తిరిగి, మర్యాదగా అడిగింది.

"రికార్డులో ఏమని ఉందండి?"