ప్రూఫ్‌రీడరు గారి బండి కాపలా

అచ్చాఫీసులో ఇరవై ఏళ్లుగా తప్పులు పట్టే మనిషికి లోకంలో ఒప్పు కనబడడం కష్టం. మన ప్రూఫ్‌రీడరు గారు పాలవాడి నవ్వులో కూడా అచ్చుతప్పు వెతుకుతారు. ఇక పదేళ్లు ఆశపడి కొనుక్కున్న మోటార్‌సైకిల్ సంగతి చెప్పాలా? ఆఫీసు దగ్గర పెడితే ఎవడైనా ఎత్తుకుపోతాడని, దాన్ని ఇంట్లో ఉంచి తాను బస్సులో వెళ్తారు.

బయటికే రాని బండిని ఎవరు ఎత్తుకుపోతారని భార్య ఓసారి అడిగింది. అంత తేలిగ్గా అడిగినందుకు ఆమె మీద కూడా ఆయనకు కాస్త అనుమానం కలిగింది.

ఆ ఆదివారం బండి తుడుస్తూ మీటరు చూస్తే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంది. ఎదురింటి టైలరు, పై వాటా మేష్టారు, చివరికి సొంత బావమరిది, అందరూ వరసగా అనుమానితులైపోయారు. మర్నాడు మేష్టారు "బాగున్నారా" అని పలకరిస్తే, నేను బాగుంటే ఈయనకేం లాభమని ఆలోచిస్తూ ప్రూఫ్‌రీడరు గారు రెండు బస్సులు వదిలేసుకున్నారు.

సాయంత్రానికి బండికి ఒక భద్రతా పరికరం బిగించారు. బండి కదిలితే ఫోను మోగుతుంది. ఎటు పోతోందో ఫోన్లో చుక్క చూపిస్తుంది. ఒక్క బటన్ నొక్కితే ఇంజిన్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేకపోయినా ఇది పడుతుందని కొట్టువాడు హామీ ఇచ్చాడు. భార్యకు మాత్రం ఆయన ఒక్క ముక్క చెప్పలేదు.

గురువారం పదకొండింటికి ఫోను మోగింది. చుక్క వీధి దాటిపోతోంది. భార్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రూఫుల కట్ట బల్ల మీద పడేసి ఆటో ఎక్కారు. చుక్క ఊరి చివరకు పోయి, ఉన్నచోటే మెలికలు తిరగసాగింది. దొంగకు దారి తెలియడం లేదని మురిసిపోయి, ఆటో ఆ చుక్క దగ్గరికి చేరుతుండగా ఆయన బటన్ నొక్కారు.

ఆటో వెళ్లి ఆగింది లైసెన్సులిచ్చే ఆఫీసు మైదానంలో. నేల మీద గీసిన ఎనిమిది అంకె నడుమ ఆయన బండి ఉంది. బండి మీద ఆయన హెల్మెట్టు, హెల్మెట్టు కింద ఆయన భార్య. ఇంజిన్ ఆగేసరికి ఆమె కాలు కింద పెట్టేసింది. కాలు ఆనిందని ఆఫీసరు ఆమె కాగితం మీద అడ్డగీత గీస్తున్నాడు.

సంగతేమిటంటే, ఇళ్లకు వెళ్లి రక్తం నమూనాలు తెచ్చే ఉద్యోగం ఆమెకు దొరికింది. సోమవారం చేరాలి. లైసెన్సు లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. తమ్ముడి బండి మీద నేర్చుకుని, మొన్న శనివారం దీన్ని ఒక్కసారి తిప్పి చూసిందట.

"నాకు చెప్పొచ్చుగా?" అన్నారాయన.

"చెబితే బండికి ఇంకో తాళం వేసేవారు. నిజం చెప్పండి, వేసేవారా కాదా?"

ఆయన ఆమె కళ్లలో నీళ్లు చూసి సిగ్గుతో చితికిపోయారు.

వెళ్లి ఆఫీసరును బతిమాలారు. ఇంజిన్ ఆపింది తానేనని రాసిస్తే మరో అవకాశం ఇస్తానన్నాడతను. జీవితంలో మొదటిసారి ప్రూఫ్‌రీడరు గారు తన తప్పు తానే రాసి, కింద సంతకం పెట్టారు.

ఈసారి ఆమె కాలు ఆనకుండా ఎనిమిది చుట్టేసింది. ఆఫీసరు పాసని రాశాడు. ప్రూఫ్‌రీడరు గారు హుషారుగా వచ్చి హ్యాండిల్ పట్టుకోబోయారు.

"వెనక్కెక్కండి," అంది ఆమె. ఆయన బుద్ధిగా ఎక్కి కూర్చున్నాక చెయ్యి వెనక్కి చాచింది. "ఆ ఫోనిలా ఇవ్వండి."

ఇచ్చారు. ఆమె దాన్ని హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగింది.

"ఇప్పుడు మన బండికి ఏ భయమూ లేదు."