నీటిపారుదల మంత్రిగారి కిత్తనార

తమ ఇంట్లోని కిత్తనార మొక్క త్వరలో పూయబోతోందని నీటిపారుదల మంత్రిగారు విలేకరుల్ని పిలిచి ప్రకటించారు. ముప్ఫై ఏళ్లకోసారి జరిగే ఈ ఘటన తమ హయాంలోనే జరగడం ప్రభుత్వ దూరదృష్టికి నిదర్శనమన్నారు.

మంత్రిగారికి ఎడారి మొక్కలంటే ప్రాణం. హాల్లో, వరండాలో, మెట్ల మీద కలిపి రెండు వందల కుండీలున్నాయి. "నెలకోసారి చెంబెడు నీళ్లు పోస్తే చాలు, నోరెత్తవు. ప్రజలు వీటిని చూసి నేర్చుకోవాలి" అని తరచూ సెలవిచ్చేవారు. ఆయన శాఖ పనితీరు చూసినవాళ్లెవరూ ఆయన మాట మీద నిలబడే మనిషి కాదని అనలేరు.

ఆ మొక్కల్ని సాకేది తోటమాలి. ఇసుకా కంకరా కలిపి మట్టి మార్చడం, ఎండని బట్టి కుండీలు తిప్పడం, మంత్రిగారి మెప్పు కోసం వచ్చినవాళ్లంతా తలా కాసిని నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టకుండా మగ్గు దాచెయ్యడం అతని పని. పద్నాలుగేళ్లుగా టెంపరరీ. కిత్తనార పూసిన రోజున పర్మనెంట్ చేస్తానని మంత్రిగారు మాటిచ్చారు.

కిత్తనార బతుకులో ఒక్కసారే పూస్తుందనీ, పూశాక ఎండి చచ్చిపోతుందనీ తోటమాలికి తెలుసు. ఆ ముక్క చెప్పబోయాడు.

"అయ్యా, ఇది పూసిందంటే ఆ తర్వాత..."

"ఆ తర్వాత నేనే ప్రధానిని. తెలుసులేవయ్యా."

ఇంటికెళ్లి భార్యతో చెప్పుకున్నాడు. "ముందు ఆర్డరు చేతికి రానీ. చావడం చావకపోవడం దాని ఇష్టం" అందావిడ.

పూలకాడ రోజుకి జానెడు చొప్పున లేచి, పన్నెండో రోజుకి హాలు కప్పుని తాకింది. కొస కొంచెం కత్తిరిద్దామన్నాడు చూడ్డానికొచ్చిన శాఖ ఇంజనీరు.

"నా ఎదుగుదలని కత్తిరిస్తావా?" అన్నారు మంత్రిగారు.

ఇంజనీరు వెంటనే కప్పుకి కన్నం కొట్టించాడు. పైగది మంత్రిగారి అత్తగారిది. కాడ సరిగ్గా ఆవిడ మంచం పక్కన తేలింది.

"అల్లుడుగారూ, తలుపు తట్టి వస్తే బావుండేది కదా" అందావిడ.

ఆవిడ్ని మెట్ల కింది గదికి మార్చి, పైగది కప్పుకీ కన్నం పెట్టారు. మర్నాడు పత్రికలన్నీ దీన్ని కుటుంబ త్యాగమని కొనియాడాయి.

డాబా మీద పసుప్పచ్చగా పూలు విచ్చుకున్న రోజున అధిష్ఠానం నుంచి ఫోనొచ్చింది. జనమంతా ఆ పువ్వు గురించే మాట్లాడుకుంటున్నారనీ, ప్రధాని పదవి ఇక ఆయనదేననీ దాని సారాంశం. ప్రమాణస్వీకారం అయిన సాయంత్రమే తోటమాలికీ ఆర్డరొచ్చింది. కార్యదర్శి గొంతు సవరించుకుని చదివాడు:

"సదరు మొక్క జీవించి ఉన్నంతకాలం ఇతనిని శాశ్వత ఉద్యోగిగా పరిగణించవలెను."

తోటమాలి నవ్వుదామనుకున్నాడు గాని నవ్వు రాలేదు. నెల తిరిగేసరికి ఆకులు పండుబారాయి. ఇంకో నెలకి కాడ వంగింది. పద్నాలుగేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం కళ్లముందే ఎండిపోతుంటే అతనికి అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ, ఆకుపచ్చ పెయింటు డబ్బా తెచ్చుకుని హాల్లో గొంతుక్కూర్చున్నాడు. మూడో ఆకు పూర్తవుతుండగా వెనక అడుగుల చప్పుడయింది. సాక్షాత్తూ ప్రధానిగారు.

"క్షమించండయ్యా. మొక్క చచ్చిపోయింది" అన్నాడు తోటమాలి, బ్రష్షు కింద పెట్టేసి.

ప్రధానిగారు ఆకుని ముట్టుకుని, వేలికంటిన రంగు చూసుకున్నారు. వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చారు. చొక్కా చేతులు పైకి మడిచి, అతని పక్కనే కూర్చున్నారు.

"ఇంకో బ్రష్షుందా?" అన్నారు.